చిట్యాలలో ఒక నట్టు కోసం ఆగిన పూట

పంతంగి టోల్‌గేట్ దాటి పావుగంట కాలేదు, జీపులో కాలిన ఇంజన్ ఆయిల్ వాసన మొదలైంది.

"వాసనొస్తుంది మామా" అన్నాను.

"పాత బండి, అట్లనే వస్తది" అన్నాడు మా మేనమామ. కానీ ఆయన చూపు రోడ్డు మీద లేదు, ఆయిల్ ప్రెషర్ మీటరు మీదుంది. ముల్లు మెల్లగా కిందికి జారుతోంది. చిట్యాలలోకి రాగానే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు. దిగి చూస్తే మేం వచ్చిన దారి పొడుగునా నల్లటి చుక్కలు.

హైదరాబాద్ నుంచి సూర్యాపేటకో విజయవాడకో మీరూ చాలాసార్లు వెళ్ళే ఉంటారు. అందులో చిట్యాల మీకు ఎంత గుర్తుంది? నాకైతే సంక్రాంతికి ట్రాఫిక్ జామ్ అయినప్పుడు టీవీలో వినిపించే పేరు, అంతే. పెద్దోళ్ళు ఇంకా 'నైన్ హైవే' అని పిలిచే ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. ఇక్కడ ఆగాల్సిన పని నాకెప్పుడూ పడలేదు. ఆ రోజు పడింది.

సాయంత్రం దాకా ఆగితే చాలు

మామ ఇరవై ఏళ్లకు పైగా ఆ డీజిల్ జీపు మీదే బతికాడు. షేర్ జీపుగా తిప్పాడు, పెళ్లిళ్లకు తిప్పాడు, పత్తి బస్తాలూ మోశాడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించట్లేదని అమ్మేస్తున్నాడు. నకిరేకల్ దగ్గర నిమ్మతోట ఉన్న రైతు బయానా ఇచ్చాడు. మార్కెట్‌కు కాయలు తోలడానికి బండి కావాలట. సాయంత్రం నాలుగింటికి వచ్చి చూసుకుంటానన్నాడు. కొనేవాడికి బండి బాగా కనిపించాలని మామ ముందురోజే సిటీలో ఒక షెడ్డులో ఆయిల్ మార్పించాడు. అసలు కథ అక్కడే మొదలైంది.

రోడ్డు పక్క రేకుల షెడ్డులో మెకానిక్ దొరికాడు. అరవై దాటిన మనిషి. అందరూ ఉస్తాద్ అంటున్నారు, మేమూ అట్లనే పిలిచాం. గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. చాంబర్ అడుగున ఉండే డ్రెయిన్ నట్టును పానాతో తిప్పితే అది తిరుగుతూనే ఉంది, బిగుసుకోవట్లేదు. కింద గిన్నె పెట్టి నట్టు బయటికి లాగితే దాని చుట్టూ సేమ్యా లాంటి సన్నటి ఇనుప తీగ చుట్టుకుని వచ్చింది.

"ఎవరు బిగిచ్చిండ్రు దీన్ని? పానాకు పైపు తొడిగి గుంజిండ్రు. థ్రెడ్డు మొత్తం కోసుకపోయింది" అన్నాడు.

మామ టైమ్ చూసుకున్నాడు. పదకొండున్నర. "ఎం-సీల్ పెట్టి అతికెయ్యి ఉస్తాద్. సాయంత్రం దాకా ఆగితే చాలు."

"సాయంత్రం తర్వాత?"

"తర్వాత నా బండి కాదు గదా" అని నవ్వాడు మామ.

ఉస్తాద్ నవ్వలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా మామ పక్షమే. రాత్రికి నాకు డ్యూటీ ఉంది. ఎం-సీల్ పెడితే పావుగంటలో పోవచ్చు కదా అనుకున్నాను.

"జిడ్డు మీద, వేడి మీద అది ఎన్ని రోజులు పడతదన్నా? కాయల లోడుతోని రాత్రిపూట పోతుంటే ఊడుతది. ఆయిల్ మొత్తం కారిపోయి బేరింగులు పట్టేస్తయి. కొన్నోడు కూడా మనసొంటోడే గదా" అన్నాడు.

మామ కాసేపు బీడీ కట్ట తిప్పుకుంటూ కూర్చున్నాడు. తర్వాత "ఎంతసేపు పడతది?" అని మాత్రం అడిగాడు.

"మూడు గంటలు."

పద్నాలుగు నుంచి పదహారుకు

ఇంజన్‌లో తిరిగే క్రాంక్‌కూ దాని బేరింగులకూ మధ్య ఉండేది సన్నటి ఆయిల్ పొర. అది లేకపోతే ఇనుముకు ఇనుము రాసుకుని, కొద్ది నిమిషాల్లోనే ఇంజన్ బిగుసుకుపోతుంది. ఆ అయిదారు లీటర్ల ఆయిల్‌నీ కింద ఆపి ఉంచేది ఈ ఒక్క నట్టు.

ఉస్తాద్ నట్టు కొలిచాడు. లావు 14 మిల్లీమీటర్లు. ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం, అంటే పిచ్, 1.5 మిల్లీమీటర్లు. చాలా బండ్లకు ఇదే సైజు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఏ వర్క్‌షాపు మరలు దానివే. ఒకచోటి బోల్టు ఇంకోచోటి నట్టుకు పట్టేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీర్ అందరికీ ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించాడు. ఈరోజు చిట్యాలలో కొన్న బోల్టు చెన్నైలో కొన్న నట్టుకు పడుతోందంటే ఆ దారిలో వచ్చిన కొలతల వల్లే.

పోయిన థ్రెడ్డుకు మందు ఒకటే కాదు. రంధ్రం పెద్దది చేసి లోపల స్టీలు స్ప్రింగు లాంటి 'హెలికాయిల్' దించితే మళ్లీ పాత సైజు నట్టే పడుతుంది. లేదంటే చాంబర్ దింపి కొత్త నట్టు వెల్డింగ్ చేయించాలి. మూడోది, ఒక సైజు పెంచి కొత్త మరలు కోయడం. హెలికాయిల్ షెడ్డులో లేదు. చాంబర్ దింపితే రోజంతా పడుతుంది. అంచు మందం కొలిచి "పదహారు పడతది, గోడ బలంగనే ఉంది" అన్నాడు ఉస్తాద్.

16 నట్టు లేత్ మీద తయారు చేయించాలి. ఆ పని నాకు అప్పజెప్పాడు. పాత నట్టు జేబులో వేసుకుని రామన్నపేట రోడ్డు వైపు నడిచాను. హైవే హోరు రెండు మలుపులు తిరిగేసరికి సగం తగ్గింది. బత్తాయి రసం బండి, విత్తనాల దుకాణం, మంచం మీద పేపర్ చదువుతున్న ముసలాయన. ఈ ఊరికి రైల్వే స్టేషన్ కూడా ఉంది, బీబీనగర్ నుంచి నడికుడి పోయే లైను మీద. ఇన్నేళ్లు ఈ దారిలో తిరిగీ నాకు ఆ సంగతే తెలీదు.

లేత్ షాపు ఆయన పాత నట్టు చూసి ఒక్క మాట అడిగాడు: "తల కింద చదునుగ ఉండాలె గదా?" అవును, అక్కడే వాషర్ కూర్చునేది. అరగంటలో ఇచ్చాడు, ఇంకా వెచ్చగా ఉంది.

నేను వచ్చేసరికి ఉస్తాద్ రంధ్రాన్ని 14.5కు డ్రిల్ చేసి ఉంచాడు. 16 ట్యాప్ గాళ్లలో గ్రీజు కూరాడు. కోసిన రజను లోపల పడకుండా ఆ గ్రీజుకు అంటుకుంటుంది. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. అడుగడుగునా ట్యాప్ వంకర పోలేదు కదా అని పక్కనుంచి చూసుకున్నాడు. మధ్యలో రెండుసార్లు బయటికి తీసి తుడిచి మళ్లీ గ్రీజు పెట్టాడు. తర్వాత పాత స్పీకర్ అయస్కాంతం ముక్క కట్టిన పుల్లతో లోపల తడిమాడు. పైనుంచి లీటరు కొత్త ఆయిల్ పోసి కింద కారనిచ్చాడు. గిన్నెలో రెండు మెరుపు తునకలు కనిపిస్తే ఇంకో అర లీటరు పోశాడు. మామ ఆ ఆయిల్ డబ్బా వైపు చూశాడు కానీ ఏమీ అనలేదు.

రాగి వాషర్‌ను ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాడు. అట్లా చేస్తే రాగి మెత్తబడి అంచులకు బాగా అతుక్కుంటుందట. ఆ తర్వాత నన్ను పిలిచాడు.

"తమ్మీ, నువ్వు బిగియ్యి. పానా వద్దు, చేత్తోని."

వేళ్లతోనే చివరిదాకా తిరిగింది. "చేత్తో తిరగకుంటే వంకర పోయినట్టు. అప్పుడు ఇప్పి మళ్లా పెట్టాలె, బలం పెట్టొద్దు" అన్నాడు. చిన్న పానాతో వాషర్ కూర్చున్నాక కొంచెం బిగించి ఆపేశాడు. అంతే. పైపు అవసరమే రాలేదు.

ఆయిల్ నింపి పావుగంట ఇంజన్ నడిపాం. కింద పరిచిన అట్టముక్క మీద ఒక్క చుక్క పడలేదు. చివరగా ఉస్తాద్ తెల్ల పెయింట్‌తో చాంబర్ మీద '16' అని రాశాడు. "రేపు ఇంకెవరన్న 14 పెట్టి పరేషాన్ కావద్దు."

నకిరేకల్‌లో

గంట ఆలస్యంగా చేరాం. రైతు బండి చుట్టూ తిరిగాడు, స్టార్ట్ చేశాడు, బాగుందన్నాడు. పైసలు లెక్కపెట్టే ముందు మామ ఆయన్ని ఆపాడు. మోకాళ్లు పట్టుకుని కిందికి వంగి ఆ తెల్ల అంకె చూపించాడు. జరిగిందంతా చెప్పాడు.

రైతు కాసేపు ఆలోచించాడు. "వెయ్యి తగ్గించు మరి" అన్నాడు.

మామ తగ్గించాడు. పాత నట్టు నా జేబులోనే ఉండిపోయింది, ఆ ఇనుప సేమ్యాతో సహా.

రాత్రి బస్సులో తిరిగి వస్తుంటే చిట్యాల వచ్చింది. ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి చూశాను. షెడ్డులో ఇంకా లైటు వెలుగుతోంది. ఒక ట్రాక్టర్ కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి.