తుప్పు మీద నలుపు
కొల్లేరు దగ్గర మండవల్లి, కైకలూరు రోడ్ల మీద తిరిగే చేపల బళ్లు వయసుకు మించి ముసలివైపోతాయి. ఎండకు నల్ల ప్లాస్టిక్ బంపర్లు బూడిదరంగుకి తిరుగుతాయి. ట్రేల నుంచి కారే ఐసు నీళ్లు ఇనుముని తినేస్తాయి. ఇవి వేరువేరు జబ్బులు.

వెలిసిన ప్లాస్టిక్‌కి స్ప్రే రబ్బరు, అంటే ఆరాక రబ్బరు పొరలా మారే నల్ల పూత, మంచి మందు. సబ్బుతో కడిగి, జిడ్డు తుడిచి, బాగా ఆరాక పలచటి పొరలు నాలుగైదు, మధ్యమధ్య ఆరనిస్తూ కొట్టాలి. ఒకటి రెండు పొరలతో ఆపేస్తే తీసేటప్పుడు తునకలుగా చిరుగుతుంది. మందంగా ఉంటే చర్మంలా ఒక్కటిగా ఊడి వస్తుంది, కింద పాత రంగు అలాగే ఉంటుంది. వద్దనుకుంటే ఊడదీసేసే ఈ వీలు పెయింటుకి లేదు, నాకు నచ్చింది అదే. కొల్లేటి ముసురులో కొడితే తెల్లగా మసకబారుతుంది. పెట్రోలు తగిలితే మెత్తబడి కరుగుతుంది, కాబట్టి ట్యాంకు మూత దగ్గర వద్దు.

తుప్పు మీద ఈ రబ్బరు కొట్టడం మాత్రం నేను ఒప్పుకోను. పైకి కొత్త నలుపు. లోపల చిక్కిన తేమ ఛాసిస్‌ని తొలుస్తూనే ఉంటుంది. అక్కడ వైరు బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ వేయాల్సిందే. పాత బండి కొనేవాళ్లు కిందికి వంగి, ఆ నలుపుని ఓచోట గోరుతో లేపి చూడండి.