మా బావగారి మిగ్‌కి రంగు వేసిన సంగతి

కోతలయ్యాక పేజీలో పోస్టులు లేవేంటని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. దాళ్వా నారుమడి పని అయ్యాక దొరికిన ఖాళీలో విమానం బొమ్మకి రంగులు వేస్తూ కూర్చున్నానండి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, మా ఆవిడ ఇప్పటికే నవ్వేసింది. ఎరువుల సంగతి వచ్చే వారం రాస్తాను.

మా పెద్దక్క భర్త ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్ళు చేసి వచ్చిన మనిషి. ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు. అంటే పైలట్ కాదు, విమానం ఒంటిని చూసుకునే మెకానిక్. ఆయన చేతుల మీద నడిచింది ఎక్కువగా మిగ్-21 ఎఫ్‌ఎల్ రకం. 1971 డిసెంబరు 14న ఢాకాలో గవర్నరు బంగళా మీద రాకెట్లు వేసినవి ఆ రకం విమానాలే. బావగారు చేరింది ఆ యుద్ధం తరవాత, కానీ సీనియర్లు చెప్పిన కబుర్లు ఈయన చెబితే నేను నిక్కర్లేసుకున్న రోజుల్లో నోరు తెరుచుకుని వినేవాణ్ణి. ఎఫ్‌ఎల్‌లని 2013 డిసెంబరు 11న కలైకుండాలో పక్కన పెట్టేశారు. మిగిలిన మిగ్-21లకి మొన్న 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. 1963లో వచ్చినవి, అరవై రెండేళ్ళు ఎగిరాయి. అది టీవీలో చూసి బావగారు ఆ పూట అన్నం సరిగా తినలేదని అక్క చెప్పింది.

అది తెలిసి మా మేనల్లుడు ఒక ప్లాస్టిక్ కిట్టు పంపించాడు. 72వ వంతు సైజు. అసలు విమానం రెక్కల చివర నుంచి చివరకి 7.15 మీటర్లు, బొమ్మలో అది 10 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. బావగారే మొదలెట్టారు. ముక్కలు కోసి, ఒంటి రెండు సగాలూ అంటించారు. అక్కడికి వచ్చేసరికి చేతి వణుకు ఎక్కువైంది. రెండేళ్ళుగా ఉంది ఆ వణుకు, మందులు వాడుతున్నారు. ఒక రోజు డబ్బా మొత్తం నా చేతిలో పెట్టి, “నువ్వు చెయ్యవోయ్, నేను పక్కన కూచుని చెబుతాను” అన్నారు. ఇరవై ఏళ్ళు స్పానరు పట్టిన మనిషి ఆ మాట అంటుంటే నేను ఆయన మొహం వైపు చూడలేకపోయాను. సరే అన్నాను.

నేను ఇదివరకు ఇలాంటివి మూడు నాలుగు చేశాను. కరోనా రోజుల్లో పిల్లలతో మొదలైన పిచ్చి ఇది. అంటించడం ఎవరైనా చేస్తారండి, అసలు కష్టమంతా ఆ తరవాతే. రెండు సగాలు కలిసిన చోట ముక్కు నుంచి తోక దాకా ఒక గీత మిగులుతుంది. అసలు విమానానికి అలాంటి అతుకు ఉండదు. పుట్టీ పెట్టి, ఆరాక 400 నంబరు ఎమరీ పేపరుతో మొదలుపెట్టి 600, 1000, 2000 దాకా తడిపి తడిపి రుద్దాలి. కంటికి నున్నగా కనిపిస్తే చాలదు, కళ్ళు మూసుకుని గోరు ఆనిస్తే తగలకూడదు.

నేను అలా రుద్దుతూ వెనక్కి వెళ్తుంటే బావగారు “ఆగు ఆగు” అని కేకేశారు. రెక్కల వెనక ఒంటి చుట్టూ గాజులా తిరిగిన గీత ఒకటి ఉంది. “అది చెరపకు. అది నిజం గీత. అక్కడే బోల్టులు విప్పి తోక భాగం మొత్తం వెనక్కి లాగేస్తాం, అప్పుడుగానీ ఇంజిను బయటికి రాదు” అన్నారు. ఎన్నిసార్లు విప్పి బిగించి ఉంటారో. నిలువుగా పోయే గీత కిట్టు కంపెనీది, అది పోవాలి. చుట్టూ తిరిగే గీత విమానానిది, అది ఉండాలి. ఈ తేడా నేను చూసిన వీడియోల్లో ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

ముక్కు పైన ముందుకి పొడుచుకొచ్చే గొట్టం ఉంటుంది, వేగం కొలవడానికి. కిట్టులో ఇచ్చిన ప్లాస్టిక్ గొట్టం లావుగా ఉంది, ముట్టుకుంటే విరిగేలా కూడా ఉంది. దాని బదులు ఇంజెక్షన్ సూది పెడదామనుకున్నాం. ఇంట్లో గేదెకి వాడిన 18 నంబరు సూది ఉంది గానీ, లెక్కేసి చూడండి, అది దాదాపు మిల్లీమీటరుంపావు లావు. 72తో హెచ్చవేస్తే 9 సెంటీమీటర్ల గొట్టం అవుతుంది. మన బోరు పైపులా ఉంటుంది! మందుల షాపులో 24 నంబరు సూది తెచ్చి, మొన రాయి మీద అరగదీసి పెట్టాం. చక్రాల కాళ్ళ వెంట దిగే బ్రేకు గొట్టాలకి కరెంటు వైరులో సన్నపోగు ఒకటి తీశాను.

రంగు విషయానికొస్తే ఇది మనకి బాగా తెలిసిన పనే. ఎయిర్‌బ్రష్ అంటే చిటికెన వేలంత తైవాన్ స్ప్రేయర్ అనుకోండి. దగ్గరగా కొడితే కారిపోతుంది, దూరంగా కొడితే దారిలోనే ఆరి గరుకుగా పడుతుంది. చెయ్యి ఆపకూడదు, ఒకే చోట రెండుసార్లు తిరక్కూడదు. గాలిలో చెమ్మ ఉంటే లక్కర్ రంగు తెల్లగా మసకబారుతుంది, అందుకే పొద్దున్న మంచు విడిచాక, పదకొండు గంటల తరవాతే పట్టుకునేవాణ్ణి. ముందు పాత ప్లాస్టిక్ చెంచాల మీద కొట్టి చూసుకున్నాను. ఎఫ్‌ఎల్‌ది లోహం రంగు. వెండి రంగు కింద మెరిసే నలుపు పూత వేస్తే పైన నిజం రేకులా కనిపిస్తుంది. కానీ ఆ వెండి రంగు అడుగున ఉన్న వెంట్రుకంత గీతని కూడా దాచదు. తోక చివర ఇంజిను మంట తగిలే చోట కాస్త ముదురు చేశాం. ముక్కులో ఉండే శంఖం ఆకుపచ్చ. చక్రాల మధ్య బిళ్ళలూ ఆకుపచ్చే, రష్యా వాళ్ళ అలవాటు అది.

పేచీ వచ్చింది మరక దగ్గర. ఈ బొమ్మలు చేసేవాళ్ళకి ఇప్పుడు మరకల మీద మోజు. రేకుల సందుల్లో నల్లరంగు, నూనె కారినట్టు చారలు, మసి. నేను కూడా అలాగే కొద్దిగా చేద్దామన్నాను. బావగారికి కోపం వచ్చింది. “మా చేతిలో ఉన్న విమానం మీద నూనె చార కనబడితే అది అందం కాదోయ్, ఎక్కడో కారుతోందని అర్థం. ఎక్కడ కారుతోందో తేలేదాకా దాన్ని ఎగరనిస్తామా?” అన్నారు. నాకు ఆ మాట సబబుగానే తోచింది. ఫొటో కోసం కొత్త ట్రాక్టరుకి బురద పూసినట్టు ఉంటాయి కొందరి బొమ్మలు. చివరికి సందుల్లో టర్పెంటైనులో బాగా పలచన చేసిన బూడిద రంగు మాత్రం పారించి, పైన గుడ్డతో తుడిచేశాం. టైర్లకి కాస్త దుమ్ము. అంతే.

గుర్తులు నీళ్ళ స్టిక్కర్లు. అర నిమిషం నీళ్ళలో ముంచి, కాగితం మీద జారడం మొదలయ్యాక, తడి చేసిన చోటకి బ్రష్షుతో జరపాలి. కింద గాలి మిగిలితే తెల్లగా మెరుస్తుంది, అందుకని దూది పుల్లతో మధ్య నుంచి అంచులకి నొక్కుతూ నీళ్ళు తోసెయ్యాలి. బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల పచ్చ చక్రాలు రెక్కల మీద చక్కగా కూర్చున్నాయి. ఇక నంబరు. షీటులో అంకెలు విడివిడిగా ఇచ్చాడు, ఏ నంబరైనా పేర్చుకోవచ్చు. ఏది వెయ్యమంటారని అడిగితే బావగారు మాట్లాడలేదు. మర్నాడూ చెప్పలేదు. మూడో రోజు చిన్న కాగితం మీద రాసి ఇచ్చారు. అంకెలు వంకరగా ఉన్నాయి, రెండుసార్లు చదువుకున్నాను. అప్పుడు మా అక్క గుమ్మంలో నిలబడి ఉంది, ఆ కాగితం చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ విమానం సంగతి నేను అడగలేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు వేశాను. ఇక్కడ ఫొటోలో నంబరు కనబడకుండా అవతలి వైపు నుంచి తీసింది అందుకే, ఏమీ అనుకోవద్దు.

ఆఖరున ఎర్ర తొడుగులు చేయమన్నారు. నిలబెట్టిన విమానానికి ముక్కు రంధ్రానికీ, ఆ గొట్టానికీ దుమ్ము, పురుగులు పోకుండా వేసేవి. టూత్‌పేస్టు ట్యూబు రేకు కత్తిరించి ఎర్రరంగు వేసి, చిన్న రిబ్బను వేలాడదీశాను. ఎగరడానికి ముందు అవి తీసేశామని పైలట్‌కి చూపించాలట.

మొన్న ఆదివారం పట్టుకెళ్ళి ఇచ్చాను. బావగారు కళ్ళజోడు మార్చుకుని చాలాసేపు చూశారు. మోచేతులు బల్లకి ఆనించి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, నెమ్మదిగా సూది మీద తొడుగు లాగారు. నేను సాయం పట్టబోతే వద్దన్నారు. రెండు నిమిషాలు పట్టింది. సూది వంగలేదు. తొడుగు చొక్కా జేబులో వేసుకుని, “కాఫీ పెట్టమను” అన్నారు.

మన పేజీలో మిలటరీ నుంచి వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారని తెలుసు. మీ ఇంట్లో ఎవరైనా ఎఫ్‌ఎల్ మీద పనిచేసి ఉంటే చెప్పండి, బావగారు మాట్లాడతానన్నారు. సాయంత్రం ఐదు దాటాక అయితే మంచిది.