గాలిమర రెక్కలు

2022 జూన్ 5, ఆదివారం

పొద్దున్నే డాబా ఎక్కి గాలిమర దించేశాను. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. నా పీవీసీ రెక్కలు మెత్తబడ్డాయి. నిన్న మధ్యాహ్నం గాలి కాస్త పెరిగేసరికి ఒక రెక్క కొస వెనక్కి వంగి స్తంభానికి తగిలింది. టక్, టక్ మని రెండే దెబ్బలు. మూడో దెబ్బకు కొస ఎగిరి పక్కింటి వాటర్ ట్యాంకు దగ్గర పడింది. అక్కడ పిల్లలెవరూ లేరు, అదే నయం.

ఆరంగుళాల పీవీసీ గొట్టంలో ఒంపు ముందే ఉంటుంది. జిగ్‌సాతో కోసి అంచులు నున్నగా చేస్తే సాయంత్రానికి మూడు రెక్కలు తయారు. ఆ తేలికకే పడిపోయాను. అరవై డిగ్రీల వేడికే దాని బిగి సడలిపోతుంది. ఎండలో ఏళ్లు గడిస్తే పెళుసెక్కుతుంది కూడా. నేర్చుకోవడానికి మంచిదే గాని, మనుషులు తిరిగే చోట పైన ఉంచదగింది కాదు.

జూన్ 8

రాత్రి డ్యూటీ దిగి వచ్చాక నిద్ర పట్టలేదు. నిరుడు చేసిన అల్యూమినియం రెక్క అటక మీంచి తీశాను. చూపుకు బాగానే ఉంది. బోల్టు రంధ్రం పక్కన గోరుతో గీస్తే ఒకచోట పట్టుకుంది. బొగ్గుపొడి రాసి తుడిస్తే వెంట్రుకలా నల్లటి గీత, అంగుళంలో మూడో వంతు.

బైండింగు వైరును అటూ ఇటూ వంచితే తెగుతుంది కదా, ఇదీ అంతే. సెకనుకు ఐదు మీటర్ల గాలికి నా మర నిమిషానికి 265 చుట్లు తిరుగుతుంది. చుట్టు చుట్టుకూ రెక్క బరువు ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతుంది. రోజుకు ఆరు గంటలు తిరిగినా నెలకు 28 లక్షల వంపులు. ఇనుముకైతే ఒక హద్దుంది. ఒత్తిడి ఆ లోపల ఉంటే ఎన్ని వంపులైనా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. ఎంత తక్కువ ఒత్తిడైనా లెక్క పెట్టుకుంటూ పోయి ఒకనాడు తెగుతుంది.

మరి ఇనుమే ఎందుకు కాదూ అంటే, బరువు. అదే కొలతకు టేకు కంటే పన్నెండు రెట్లు. ఇరవై రెండేళ్లుగా ఫిట్టర్‌ని, ఇనుము తప్ప వేరే తెలియనివాణ్ని. ఈ మాట రాయడానికి నాకే కష్టంగా ఉంది.

జూన్ 12, ఆదివారం

సబ్బవరం రోడ్డులో వడ్రంగి మేస్త్రీ గారి దగ్గరికి వెళ్లాను. బొమ్మ గీసి చూపిస్తే చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. "ఇదేటి బాబూ, తెడ్డా?" అన్నారు. గాలిమర అని చెప్పాను.

నా మనసులో అంకుడు కర్ర ఉంది. ఏటికొప్పాక బొమ్మలు చేసేది దాంతోనే కదా, తేలిక, నున్నన. ఆయన తల అడ్డంగా ఊపారు. "బొమ్మకి బంగారం. మూడడుగుల పొడుగున ముడి లేకుండా తిన్నగా దొరకాల గదా." నిజమే. సరుగుడు బరువు, పైగా ఆరేటప్పుడు చీలుతుంది. మామిడికి చెద భయం.

చివరికి షెడ్డు వెనక ఒక పాత టేకు దూలం చూపించారు. కూల్చేసిన పెంకుటింటిదట. చేవ తేలి నల్లబడి ఉంది. ఇన్నేళ్లు చూరు కింద ఆరింది కాబట్టి ఇక వంకర తిరగదు. ఆయన ఓ మూల ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టారు. పెచ్చు నార వెంబడే లేచి, చివరిదాకా తిన్నగా ఊడొచ్చింది. నార అడ్డంగా పోతే పెచ్చు మధ్యలోనే విరిగిపోయేదట. మా షాపులో ఏ పరీక్షా ఇంత సూటిగా జవాబు చెప్పదు.

గాలి నుంచి కరెంటు తీసిన తొలి రోజుల్లోనూ కర్రే. 1888లో అమెరికాలో చార్లెస్ బ్రష్ అనే ఆయన తన పెరట్లో కట్టిన మరకు 144 దేవదారు రెక్కలు. దాదాపు ఇరవై ఏళ్లు అది ఆయన ఇంటికి వెలుగిచ్చింది. చెట్టు పుట్టినప్పటి నుంచీ గాలికి ఊగుతూనే పెరుగుతుంది. ఊగడం దానికి కొత్త కాదు.

జూన్ 19, ఆదివారం

రెండు రెక్కలు అయ్యాయి. మొదట్లో వాలు 18 డిగ్రీలు, కొస దగ్గర 4. టేకులో ఇసుకలాంటిదేదో ఉంటుంది, ఉలి గంటకోసారి మొద్దుబారుతోంది. సాన పెట్టడానికే సగం రోజు. మేస్త్రీ గారు చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టలుగా పొట్టు రాలుతోంది, షెడ్డంతా టేకు నూనె వాసన. నేను పడితే పొడి రాలుతోంది. "తోయకండి బాబూ, ఒదిలీండి, అదే పోద్ది" అంటారు.

రెక్క బరువు 680 గ్రాములు. గాలి పది మీటర్లకు పెరిగితే ఇదే రెక్క హబ్బును ఓ మనిషి వేలాడినంత బరువుతో, సుమారు 75 కిలోలతో లాగుతుంది. కొస గంటకు 180 కిలోమీటర్ల వేగంతో కోసుకుపోతుంది. అందుకే రెక్క మొదట్లో మందం అస్సలు తగ్గించనివ్వలేదు.

జూన్ 26, ఆదివారం

మూడూ బిగించి తూచాను. ఒకటి 11 గ్రాములు తేలిక. దాని మొదట్లో సీసం ముక్క దిగ్గొట్టాను. అవిసె నూనె మూడు పూతలు, పైన రంగు. ఒక రెక్క తేమ పీల్చి బరువెక్కితే తూకం పోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో పూత విషయంలో బద్ధకించకూడదు.

మా ఆవిడ అడిగింది, యాభై వాట్ల కోసం ఇంత పనా అని. 2014 అక్టోబరు 12 గుర్తు చేశాను. హుద్‌హుద్ తుఫాను ఆ రోజు మన మీదే తీరం దాటింది. తర్వాత ఎన్ని రాత్రులు చీకట్లో కూర్చున్నాం! నాన్న మంచం దగ్గర కొవ్వొత్తి పట్టుకుని నేను, విసనకర్రతో తను. బయట గాలి ఆగలేదు, లోపల దీపం లేదు. ఆవిడ మళ్లీ ఏమీ అనలేదు. పూతకు పాత గుడ్డ తెచ్చిచ్చింది.

అలాంటి తుఫానులో ఏ రెక్కా నిలవదని నాకు తెలుసు. అందుకే స్తంభం అడుగున మడతబందు పెట్టాను. హెచ్చరిక రాగానే పడుకోబెట్టాలి, గాలి తగ్గాక లేపాలి.

జూలై 3, ఆదివారం

లేపాం. మేస్త్రీ గారు కూడా వచ్చి తాడు పట్టారు. పదకొండింటికి సింహాచలం కొండ వైపు మబ్బు పట్టి గాలి మళ్లింది. రెక్కలు రెండుసార్లు తటపటాయించి పట్టుకున్నాయి. పీవీసీ రెక్కల పటపట లేదు, చీర ఆరేసినప్పుడు వచ్చే చప్పుడు. మీటరు 13.1 వోల్టులు చూపించింది. ఆయన మీటరు చూడలేదు. కుడి చేత్తో స్తంభాన్ని పట్టుకుని, అదురు ఉందో లేదోనని కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు.