శివారు మడి తడిసిందా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని పెద్దలు అంటారు. వృక్షశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి కాబట్టి ఈ సామెతతో నాకు చిన్న తగాదా ఉంది. మల్లెమొగ్గ పొద్దున గట్టిగా, వాసన అన్నది లేకుండా ఉంటుంది. సాయంత్రం విచ్చుకున్నాకే ఇల్లంతా గుబాళిస్తుంది. పొద్దున్నే దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ‘ఇది ఉత్తదే’ అని పారేసినవాణ్ణి ఎవరూ తెలివైనవాడు అనరు. కాని పిల్లల విషయంలో ఆ పని మనం ఏటా చేస్తూనే ఉన్నాం.

తెలివైన పల్లెటూరి పిల్లల్ని ఏరి, మంచి బడిలో పెట్టి, ప్రభుత్వమే చదివించడం మంచిదా? మంచిదేనని నా నమ్మకం. మరి ఏరగా మిగిలినవాళ్ల మాటేమిటి? ఈ రెండో ప్రశ్న నన్ను కొన్నాళ్లుగా పట్టుకుని వదలడం లేదు. మిత్రులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన గోదావరి జిల్లాల్లో పేదింటి పిల్లవాడి చదువుకి ఆసరా ఇవ్వడం కొత్త సంగతి కాదు. ఒకప్పుడు వారాలు చేసుకుని చదివినవాళ్లు ఎందరో. రోజుకో ఇంట్లో భోజనం, గుడి అరుగు మీద పాఠం. కాకినాడలో పిఠాపురం మహారాజావారు, రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఎందరు బీద విద్యార్థులకు అన్నం పెట్టి చదివించారో మా తాతయ్య తరంవాళ్లు కథలుగా చెప్పుకునేవారు. అది దాతల దయ. దయ స్థానంలో హక్కు లాంటిది రావడానికి చాలా కాలం పట్టింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావుగారి చొరవతో మొదటి గురుకుల పాఠశాల వెలిసింది. మరుసటి ఏడు గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో మరో రెండు వచ్చాయి. పరీక్ష పెట్టి ప్రతిభ ఉన్న పిల్లల్ని తీసుకోవడం, అక్కడే ఉంచి చదివించడం వాటి పద్ధతి. ఆ తరువాత 1986 జాతీయ విద్యావిధానంతో నవోదయ విద్యాలయాలు దేశమంతా వ్యాపించాయి. మన పాత తూర్పుగోదావరికి పెద్దాపురంలో, పశ్చిమగోదావరికి పెదవేగిలో అవి ఉన్నాయి.

నవోదయ పరీక్ష గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అయిదో తరగతి పిల్లలు రాస్తారు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలు చూసి ఆలోచించే ప్రశ్నలకి, మిగతావి లెక్కలకి, భాషకి. తెలుగులోనే రాయవచ్చు. ఆరో తరగతిలో చేర్చుకునేది మామూలుగా 80 మందిని. కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలవి, కనీసం మూడో వంతు ఆడపిల్లలవి. ఇదంతా ఎంతో ఆలోచించి పెట్టిన ఏర్పాటు. ఇక అసలు నిబంధన ఒకటుంది: ఈ పరీక్ష ఒక్కసారే. రెండోసారి రాయడానికి వీల్లేదు.

అంటే పదేళ్ల పిల్లకి జన్మానికి ఒక్క పొద్దు, రెండు గంటలు.

మాది కోనసీమలో కాలువ చిట్టచివరి ఊరు. మా ఊరి బడి నుంచి నేనూ మా మేనత్త కొడుకూ ఒకే ఏడు ఆ పరీక్ష రాశాం. ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం. బావకి సీటు వచ్చింది, నాకు రాలేదు. అందులో అన్యాయం ఏమీ లేదు. సీట్లు ఎనభై, రాసేవాళ్లు వేలమంది. బావ ట్రంకు పెట్టె, దుప్పటి, బకెట్టు పట్టుకుని పెద్దాపురం వెళ్లిపోయాడు. నేను సైకిలు మీద హైస్కూలుకి పోయాను.

ఆ తరువాత జరిగిందే నేను చెప్పదలుచుకున్నది. సంక్రాంతి సెలవులకి బావ వచ్చినప్పుడల్లా మా అరుగు మీద ఒక బడి నడిచేది. తన ప్రయోగాల నోటుపుస్తకం తెచ్చేవాడు. ఉల్లిపొర మైక్రోస్కోపు కింద ఎలా కనిపిస్తుందో పెన్సిలుతో గీసి చూపించేవాడు. “ఇటికలు పేర్చిన గోడలా ఉంటుందిరా, ఒక్కో ఇటిక లోపల ఒక చుక్క” అనేవాడు. తొమ్మిదో తరగతిలో ఏడాదిపాటు హిందీ రాష్ట్రానికి పంపారు. నవోదయల్లో కొందరు పిల్లల్ని అలా అటూ ఇటూ మార్చడం ఆనవాయితీ. తిరిగొచ్చాక మా అందరికీ హిందీ నేర్పుతానని ప్రాణం తీశాడు. నేను ఇవాళ వృక్షశాస్త్రం చదువుతున్నానంటే ఆ ఉల్లిపొర బొమ్మ పుణ్యమే. నవోదయ నాకు దక్కలేదు గాని, దాని పిల్లకాలువ ఒకటి మా అరుగు దాకా వచ్చింది.

ఈమధ్య మా బాబాయిగారి అమ్మాయి వంతు వచ్చింది. దానితోపాటు దాని స్నేహితురాలు, మా పక్క చేను కౌలుకి చేసే ఆయన కూతురు. ఇద్దరికీ నేనే సాయంత్రాలు లెక్కలు చెప్పాను. ఆ రెండో పిల్ల బుర్ర ఎలాంటిదో ఒక్క ముచ్చట చెబుతాను. సార్వా ఊడ్పుల్లో వాళ్లమ్మ గుంపు రెండున్నర ఎకరాలు గుత్తకి ఊడ్చింది. ఎకరాకి 5,000 రూపాయలు. రెండు రోజుల పని. పదకొండుమంది ఆడవాళ్లు, అందులో ఇద్దరు ఒక్కరోజే వచ్చారు. గట్టు మీద పంపకాల తగువు. కాగితం లేదు, కలం లేదు. ఈ పిల్ల ఆకుకట్ట పక్కన పెట్టి, “రెండు రోజులూ వచ్చినవాళ్లకి 1,250, ఒక్కరోజువాళ్లకి 625” అంది. ముఠామేస్త్రి రెండుసార్లు లెక్క వేసుకుని నోరు మూసుకుంది.

మా చెల్లికి సీటు వచ్చింది. ఈ పిల్ల పేరు జాబితాలో లేదు.

దాన్ని గురించి నాకు పరీక్ష మీద కోపం లేదు. వాళ్ల నాన్న అన్న మాట మాత్రం గుండెలో ముల్లులా ఉండిపోయింది. “మా పిల్ల బుర్ర అంతేలే బాబూ. గవర్నమెంటే తేల్చేసింది కదా. ఇంక చదివించి ఏం లాభం?” అన్నాడాయన. ఆ పూట పిల్ల గుమ్మంలో నిలబడి ఈ మాట విన్నది.

విత్తనాలు ఉప్పునీళ్లలో పోసి చూడడం రైతుబిడ్డలందరికీ తెలిసిందే. గట్టిగింజ మునుగుతుంది, తాలుగింజ తేలుతుంది. గింజ బరువు గింజలోనే ఉంది కనక ఆ పరీక్ష నమ్మదగ్గది. పిల్లల తెలివి అలా కాదు. మా చెల్లికి రాత్రి చదువుకోను గది ఉంది, పాత ప్రశ్నపత్రాల పుస్తకం ఉంది, పరీక్షకి మోటారుసైకిలు మీద దింపిన నాన్న ఉన్నాడు. ఆ పిల్ల ఊడ్పుల రోజుల్లో తమ్ముణ్ణి చంకనేసుకుని బడి మానేసింది. ఇప్పుడు పట్నాల్లో ఈ పరీక్షకే ప్రత్యేకం కోచింగులు వెలిశాయి. జాబితా చెప్పేది ఎవరికి సీటు వచ్చిందో. ఎవరికి తెలివి లేదో జాబితా ఎన్నడూ చెప్పలేదు. ఆ రెండో మాట మనం కలుపుకున్నది.

మరో సంగతి మనలో చాలామంది మరిచిపోయారు. నవోదయ కేవలం ఎనభైమంది కోసం పెట్టింది కాదు. జిల్లాలోని తక్కిన బడులకి దారి చూపాలని, తన అనుభవాన్నీ సదుపాయాల్నీ వాటితో పంచుకోవాలని దాని ఆశయాల్లోనే ఉంది. మన మారుటేరు వరి పరిశోధనా కేంద్రాన్నే తీసుకోండి. అక్కడ పుట్టిన స్వర్ణ, అదే మన 7029, ఆ కేంద్రం మడుల్లోనే బ్రహ్మాండంగా పండి ఊరుకుంటే ఎవరికి ప్రయోజనం? అది ఊరూరా పాకి, ఒరిస్సా, బెంగాలు దాకా పోయి, లక్షల గాదెలు నింపింది కాబట్టే మారుటేరుకి ఆ పేరు. మంచి బడిని కూడా అలాగే కొలవాలి. మా నాన్న ఒక మాట అంటాడు: “లాకు దగ్గర నీళ్లు చూసి మురిసిపోకూడదురా. శివారు మడి తడిసిందా లేదా చూడు.”

ఆ కౌలురైతు ఇంటికి మళ్లీ వెళ్లాను. తలుపు ఒక్కటే కాదు బాబాయ్ అని చెప్పాను. ఎనిమిదో తరగతిలో ప్రభుత్వ బడి పిల్లలకి జాతీయ ఉపకారవేతన పరీక్ష ఉంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. పదో తరగతి మార్కుల మీద నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో పల్లెటూరి పిల్లల కోసమే పెట్టిన విద్యాలయం అది, ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకి అక్కడ కొంత అదనం కూడా కలుపుతారు. ఆయన చుట్ట ఆర్పి, “అయితే మళ్లీ రాయొచ్చన్నమాట” అన్నాడు. పిల్ల ఇప్పుడు మా ఊరి హైస్కూల్లో ఆరో తరగతి. తరువాత ఏమవుతుందో చెప్పడానికి నేను జ్యోతిష్కుణ్ణి కాను. బడి మాత్రం మానలేదు.

మిత్రులారా! మనలో పెద్దాపురంలోనో తాడికొండలోనో చదివినవాళ్లు ఉన్నారు. నాలాగా జాబితాలో పేరు లేనివాళ్లు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. ఇద్దరం ఇవాళ ఒకే ప్రయోగశాలలో, ఒకే మైక్రోస్కోపు దగ్గర వంతుకోసం నిలబడుతున్నాం. కనక మన విద్యార్థి సంఘానికి నా మనవి ఒక్కటే. నెలకో ఆదివారం, అధ్యాపకుల అనుమతితో, చుట్టుపక్కల హైస్కూలు పిల్లల్ని మన ప్రయోగశాలకి పిలుద్దాం. ఖర్చు పెద్దగా ఉండదు. ఒక ఉల్లిపాయ, ఒక బ్లేడు, నాలుగు గాజుపలకలు. సెలవులకి ఊరు వెళ్లినవాళ్లం ఎనిమిదో తరగతి పిల్లలకి ఉపకారవేతనం పరీక్ష దరఖాస్తు దగ్గరుండి పూర్తి చేయించుదాం. ‘మా పిల్ల బుర్ర అంతే’ అనే నాన్న కనిపిస్తే, ఆయన పక్కన గట్టు మీద కూర్చుని కాసేపు మాట్లాడదాం. కొత్త కార్యవర్గం ఈ పని చేపడితే మొదటి ఆదివారం ఉల్లిపాయలు నేను తెస్తాను.