భుజం నొప్పి, పార్సిల్ భోజనం

పోయిన చలికాలం నా కుడి భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు డాక్టరు. నలభై దాటిన ఆడవాళ్ళకి ఎక్కువగా వస్తుందట. పై అరలోంచి పోపుల డబ్బా దించలేను, జడ వేసుకోలేను, కుక్కరు మూత బిగించలేను. పెళ్ళయిన ఈ పందొమ్మిదేళ్ళలో నేను రాత్రి పొయ్యి వెలిగించనిది ప్రయాణాల్లోనూ పురుళ్ళప్పుడూ మాత్రమే.

"కొన్నాళ్ళు బయట్నుంచి తెచ్చుకుందాంలే" అన్నారు మావారు, నాకేదో వరమిస్తున్నట్టు.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ పక్కనున్న డబ్లిన్‌లో. మొదటి వారం పిజ్జా. రెండో వారం మనవాళ్ళ హోటల్ బిర్యానీ. మూడో వారానికి కడుపులో మంట మొదలైంది. అప్పుడు పిల్లలిద్దరూ ఒక్కమాటగా సుషీ అన్నారు. మాది గోదావరి జిల్లా. ఉప్పూ పసుపూ వేసి నాలుగుసార్లు కడిగితే గానీ చేపని పొయ్యెక్కించని ఇంట్లో పుట్టాను. పచ్చి చేప తినడమా!

పైగా ఒహాయోకి సముద్రమేదీ? సంగతేమిటంటే, మాకు దగ్గర్లోని మేరీస్‌విల్‌లో హోండా వాళ్ళు 1979లో మోటార్‌సైకిళ్ళు, 1982లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టారు. ఆ ఉద్యోగాల మీద జపాన్ నుంచి వచ్చిన కుటుంబాలు చాలామటుకు డబ్లిన్ చుట్టుపక్కల ఇళ్ళు తీసుకున్నాయి. వాళ్ళ వెనకాలే వాళ్ళ తిండీ వచ్చింది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ వెనకాల ఇడ్లీ రవ్వా గోంగూరా రాలేదూ, అలాగే.

అయినా మంచిది వెంటనే దొరకలేదు. సూపర్‌మార్కెట్ డబ్బాలోది తెస్తే అన్నం ఫ్రిజ్‌లో పెట్టిన మిగులు అన్నంలా గట్టిగా, పలుకుపలుకుగా ఉంది. ఇంకోచోట మయొనైజూ తీపి సాసూ ఎంత పోశారంటే, లోపలున్నది చేపో చెక్కో తెలియలేదు. మూడోసారి మా అమ్మాయి ఒక చిన్న కొట్టుకి తీసుకెళ్ళింది. ఆరేడు కుర్చీలు, కౌంటరు వెనక ఒక పెద్దాయన. ధైర్యం చాలక నేను అన్నిటికంటే చవకైన కీరా రోల్ అడిగాను.

ఆయన వెడల్పాటి చెక్క తొట్టిలో వేడి అన్నం పరిచి, వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన నీళ్ళు చల్లి, మెతుకు చితక్కుండా చెక్క తెడ్డుతో కోస్తున్నట్టు కలుపుతున్నాడు. పక్కన ఒకావిడ విసనకర్రతో విసురుతోంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పండగరోజు పులిహోరకి అన్నం పళ్ళెంలో ఆరబోసి, "మెతుకు విరక్కూడదే" అంటూ విసరమనేది నన్ను. సుషీ అంటే పచ్చి చేప అనుకున్నాను గానీ, అసలు సుషీ అన్నది ఆ పుల్లన్నమేనట. చేప లేకపోయినా సుషీయే. అప్పట్నుంచి కొత్త కొట్టు ఏదైనా ముందు కీరా రోల్ కొంటాను. అన్నం ఇంకా గోరువెచ్చగా ఉండాలి, నోట్లో వేసుకోగానే విడిపోవాలి. అది బాగుంటేనే మిగతావి.

పచ్చిగా తినే చేపని చాలా రకాలైతే ముందు బాగా గడ్డకట్టించాలట, పురుగు చావడానికి. మైనస్ 20 డిగ్రీల్లో వారం రోజులు. అది తెలిశాక సాల్మన్ కూడా తిన్నాను. వెన్నలా ఉంది. మా అమ్మకి మాత్రం చెప్పకండి. శాకాహారులకో మాట: కాలిఫోర్నియా రోల్‌లో పీతంటూ పెట్టేది చాలాచోట్ల చేప ముద్దే. మీసో సూప్‌లోనూ మామూలుగా ఎండు చేప రసం ఉంటుంది. అడిగి తీసుకోండి.

ఇక చైనీస్. మా ఇంటికి రెండు మైళ్ళలో భార్యాభర్తలిద్దరే నడిపే కొట్టుంది. గోబీ మంచూరియా ఉండదు, అది మన దేశంలో పుట్టిన వంట. మొదటిరోజు నేనే వెళ్ళాను. మావారికి జనరల్ త్సో చికెన్, అమ్మాయికి వెజిటబుల్ లో మైన్, చిన్నాడికి ఫ్రైడ్ రైస్ గడగడా చెప్పేశాను. ఆవిడ రాసుకుని, "మరి మీకు?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఇంట్లో గిన్నెలో మిగిలిందే కదా నాది. ఎవరికి కారం తగ్గించాలో, ఎవరికి ఉల్లిపాయ పడదో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నాకేం ఇష్టమో అడిగితే గోడ మీది మెనూ కేసి చూస్తూ నిలబడ్డాను. వెనక మరొకాయన వచ్చి నిలబడ్డాడు.

మూలబల్ల దగ్గర వాళ్ళ పాప లెక్కలు చేసుకుంటూ గిన్నెలోంచి ఏదో ఎర్రగా తింటోంది. "అదేంటి?" అన్నాను. టమాటా, గుడ్డు అంది. మెనూలో లేదు, ఇంట్లో మేం తినేది. "నాకదే కావాలి" అన్నాను. ఆవిడ నవ్వి లోపలికి కేక వేసింది.

పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేయకుండా, డబ్బా తెరిచి, ఎడంచేత్తో ప్లాస్టిక్ చెంచా పట్టుకుని తిన్నాను. మన టమాటా గుడ్డు పొరుటే, పచ్చిమిర్చి లేకుండా, కాస్త తీపిగా, వేడన్నం మీద. కారద్దాలకి ఆవిరి పట్టింది. ఇంట్లో ముగ్గురూ ఆకలితో ఉన్నారని తెలుసు. సగం అయ్యేదాకా కదల్లేదు. మావారి చికెన్ మూతలోపల ఆవిరికి మెత్తబడిపోయింది. (వేయించినవి తెచ్చేటప్పుడు మూత కాస్త తెరిచి ఉంచండి.)

గోడ మీద వేళ్ళు పాకించే వ్యాయామం చేసి చేసి, చెయ్యి ఇప్పుడు తల దాకా లేస్తోంది. మొన్న శుక్రవారం మావారు చూసి, "చెయ్యి బాగానే లేస్తోందిగా, ఇవాళ పప్పూ చారూ పెట్టెయ్" అన్నారు. నేను ఫోన్ తీసి, ఆ కొట్టుకి ఆర్డర్ చెప్పి, ఏడింటికి మావారొస్తారన్నాను. ఆయన తాళాలు తీసుకుని గుమ్మం దగ్గర ఆగారు.

"దార్లో సుషీ కూడా తేవాలా?"

"కీరా రోల్ రెండు తెండి. ఒకటి నాకొక్కదానికే."