పంటి నిగ్రహం

తెలుగులో 'కరచు' అన్న క్రియకు రెండు ముఖాలున్నాయి. పాము మనిషిని కరుస్తుంది. పిల్లి తన కూనను నోట కరచుకొని గోడ దాటుతుంది. అనువాదం వృత్తిగా గలవాణ్ణి కనుక ఇటువంటి మాటలంటే నాకు మమకారం. అయితే ఆ రెండు అర్థాల నడుమ దూరమెంతో తెలియజెప్పినది మాత్రం చిట్టి అనే ఊరకుక్క పిల్ల. తల్లి లారీ కింద పడి చనిపోగా, అయిదు వారాల వయసులో అది మా ఇల్లు చేరింది.

వారం తిరగకుండానే అమ్మ ముంజేతి మీద రక్తపు గీత. 74 ఏళ్ళ పలుచని చర్మం, పైగా మధుమేహం. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచిన కాలం అమ్మకు బాగా జ్ఞాపకం. ఆ పాతరకం టీకా తయారీ మన దేశంలో 2004తో ఆగిపోయిందనీ, ఇప్పుడు భుజానికే వేస్తారనీ డాక్టరు ఎంత చెప్పినా ఆమె బెంగ తీరలేదు. పిల్లకేమో మూడో నెల నిండితేగాని రేబీస్ టీకా వేయరు. "ఎవరికైనా ఇచ్చెయ్యరా" అంది. కరిచే కుక్కపిల్లను తీసుకునేవారెవరు? చివరికి అది చేరేది వీధికే.

సలహాలకు కొదవ లేదు. కాగితం చుట్టి ముక్కు మీద కొట్టమన్నారు ఒకరు; మూతి బిగించి పట్టుకోమన్నారు మరొకరు. ఈ దెబ్బల వైద్యం నాకు గిట్టదు. గుర్రుమంటే దెబ్బ పడుతుందని నేర్చుకున్న కుక్క, పెద్దదయ్యాక గుర్రుమనకుండానే కరవవచ్చు.

కుక్కపిల్లకు పాలపళ్ళు 28. సూదులవంటివే గాని, వెనుక దవడలో బలముండదు. తోబుట్టువులతో పెనుగులాడుతూ గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఆట పోవడమే శిక్ష. నోటిని ఎంత మెత్తగా వాడాలో కూన నేర్చుకునే బడి అదే. చిట్టికి ఆ చదువు సగంలోనే ఆగిపోయింది. ముందు కాటు బలాన్ని, ఆ తరువాతే కాట్ల సంఖ్యను తగ్గించాలన్నది ఇయాన్ డన్బర్ అనే పశువైద్యుడి బోధ. ఆ విద్యకు ఇంగ్లీషులో ఉన్న పారిభాషిక పదాన్ని నేను 'పంటి నిగ్రహం' అని తెలుగు చేసుకున్నాను.

తోబుట్టువుల పాత్ర మేము వహించవలసి వచ్చింది. అమ్మను మాత్రం ఈ ఆటకు దూరంగా ఉంచాము. పన్ను నొప్పిగా తగిలిన క్షణాన ఆట ఆపి, మాట్లాడకుండా లేచి, అర నిమిషం గది బయటికి వెళ్ళడం. తిరిగి వచ్చి మళ్ళీ ఆడించడం. కెవ్వుమని అరవమంటారు కొందరు. ఆ అరుపు చిట్టికి మరింత హుషారునిచ్చింది. మౌనమే పనిచేసింది. కష్టమల్లా ఇంటిల్లిపాదీ ఒకే తీరుగా మెలగడంలో ఉంది. మా అబ్బాయి వేళ్ళాడించి దాన్ని ఉడికించేవాడు. వాడికి నేర్పడానికే ఎక్కువ రోజులు పట్టాయి!

సాయంకాలం ఆరు దాటితే దానికి పూనకమే. రోజుకు 18 గంటలైనా నిద్రపోయే వయసు; నిద్ర చాలని చంటిపిల్లల పేచీ వంటిదే ఇదీ. చీకటి మూల గోనెసంచి పరిచి పడుకోబెడితే సగం కాట్లు తగ్గాయి. నాలుగో నెలలో పళ్ళు ఊడడం మొదలైనప్పుడు, తడిపి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన తువాలు ముక్క నములుతూ కూర్చునేది.

ఏడో నెలకు 42 పళ్ళూ వచ్చాయి. మొన్న అమ్మ మంచం మీదినుంచే అరచేతిలో ఇడ్లీ ముక్క పెట్టి చాపింది. చిట్టి పెదవులతోనే అందుకుంది.

"ఇంకో ముక్క ఇటు తేరా" అంది అమ్మ, నా వైపు చూడకుండానే.