ఎక్కడ వేసిన గొంగడి

చలిదేశం వెళ్ళబోయే మనిషికి సలహా చెప్పాలంటే చలి ఎరిగి ఉండనక్కరలేదు. 2019 జనవరిలో హెల్సింకీలో జరిగే సదస్సుకు నాకు పిలుపు వచ్చిందని పొక్కిన మర్నాటికల్లా, జగిత్యాలలో తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ చలిశాస్త్రంలో పండితులైపోయారు. బనీన్లు మూడు తొడగమని ఒకరు, అరికాళ్ళకు ఆవనూనె పట్టించమని ఒకరు. మా ఇంటావిడ ఎవరి మాటా వినకుండా చింతకాయ తొక్కు మూట కట్టింది. అమెరికాలో ఉండి వచ్చిన పొరుగింటి అబ్బాయి తన పాత ఓవర్‌కోటు తెచ్చి ఇచ్చాడు. అందులో నాతోపాటు మరో మనిషి కూడా నిక్షేపంలా పడతాడు.

మాదేమో 19వ అక్షాంశం దగ్గరి ఊరు. హెల్సింకీ 60 మీద ఉన్నది. సంక్రాంతి ముందు పది డిగ్రీలకు దిగితేనే చెవులకు మఫ్లర్లు చుట్టుకునే జనం మేము.

సంగతేమిటంటే, నేను పశువైద్యుణ్ణి. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళలో గొర్రెలకు సూదిమందులు వేస్తూ ముప్ఫయ్యేళ్ళు గడిపాను. ఆ సదస్సు దేశవాళీ గొర్రెజాతుల మీద. దక్కనీ గొర్రె గురించి పావుగంట మాట్లాడమన్నారు. రానుపోను ఖర్చులు వాళ్ళవే. మన దగ్గర ఉపన్యాసం అయ్యాక శాలువా కప్పుతారు. అక్కడికి మాత్రం కప్పుకునేది మనమే పట్టుకుపోవాలి కదా, పట్టుకుపోయేదేదో మన గొంగడే అయితే సరి, సభలో చూపించడానికీ పనికొస్తుందనుకున్నాను.

దక్కనీ గొర్రెను మీలో పట్నవాసులు చూసి ఉండరేమో. నల్లటిది, మొరటుది, ఎండకూ నడకకూ వెరవనిది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా దాని ఉన్ని కిలో కూడా రాదు. వచ్చిందీ మెత్తనిది కాదు. మెరినో ఉన్ని పోగు ఇరవై మైక్రాన్లుంటే దీనిది యాభై చిల్లర. ఒంటికి తగిలితే గుచ్చుకుంటుంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమనే సామెత ఊరికే పుట్టలేదు. కాని ఆ మొరటుతనమే దాని బలం. వాన పడితే నీరు జారిపోతుంది. ఒక మూల మడిచి తలమీద కొప్పెర వేసుకుంటే గొడుగు, పరిస్తే పక్క, కప్పుకుంటే ఇల్లు. కురుమల మందల వెంట ఇన్ని తరాలు నడిచిన వస్తువది.

ఇప్పుడు ఆ మందలే మారిపోయాయి. ఉన్ని కంటె మాంసానికి ధర పెరిగింది. దానితో కాపరులు నెల్లూరు పొట్టేళ్ళను తెచ్చి దాటించుకున్నారు. వాటి పిల్లలు తొందరగా బరువెక్కుతాయి, ఒంటిమీద ఉన్నట్టుగా ఉన్ని ఉండదు. 2017 లో రాష్ట్ర ప్రభుత్వం ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ చొప్పున డెబ్బై అయిదు శాతం సబ్సిడీతో పంచడం మొదలుపెట్టినప్పుడు కూడా, పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో దిగినవి చాలా మటుకు ఆ రకంవే. కాపరిని తప్పుపట్టలేము. పిల్లల ఫీజులు ఉన్నితో కడతాడా? కాని వెరసి ఏమయిందంటే, గొంగడి నేసేవాడికి నూలు లేదు.

కోరుట్ల దగ్గరి పల్లెలో గొంగడి నేసే ముసలాయన ఒకడున్నాడు. నేను వెళ్ళేసరికి పడుగుమీద చింతగింజల గంజి కుంచెతో రాస్తున్నాడు. ఆయన భార్య అరుగు మీద రాట్నం ముందు కూర్చుంది. సంగతి చెప్పాను.

"గంత దూరం దేనికి పోవుడు డాక్టరు సారూ? గొర్ల ముచ్చట చెప్పనీకా?" అన్నాడు ఆశ్చర్యంగా. "ఈడ గొర్లున్నకాడనే ఎవ్వడు అడుగుతలేడు."

మూడువేలు ఇచ్చి గొంగడి తెచ్చుకున్నాను. తూచి చూస్తే మూడు కిలోలకు కొంచెం తక్కువ. విమానంలో బరువు లెక్క కదా.

హైదరాబాదు వెళ్ళేటప్పుడు సిరిసిల్లలో ఆగాను. మా అక్కావాళ్ళది అక్కడే. మానేరు ఒడ్డు ఊరు, ఏ వీధిలోకి వెళ్ళినా మరమగ్గాల టకటక. మా బావకు ఎనిమిది సాంచాలున్నాయి. అప్పటికి రెండేళ్ళుగా బతుకమ్మ చీరల పని దొరికి కాస్త తెరిపిన పడ్డాడు. 2000 సంవత్సరం అటూ ఇటూగా పనిలేక, అప్పులు తీరక నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్న ఊరది. ఆ రోజుల ప్రస్తావన వస్తే బావ మాట మార్చేస్తాడు.

గొంగడి చూసి మాత్రం పగలబడి నవ్వాడు. "అరే బావమరిదీ, దేశంల దుప్పట్లు కరువైనయా? గీ పాలిస్టర్‌ది చూడు, కిలో లేదు. ఉతికితే గంటల ఆరుతది. దాన్ని కప్పుకొని పోతే విమానం ఎక్కనియ్యరు నిన్ను."

అక్క మాత్రం గొంగడి అంచు వేళ్ళతో తడిమి, "అమ్మ దీనిమీదనే వడ్లు ఎండవోసేది" అన్నది. ఆ తర్వాత బావ మరేమీ అనలేదు.

నేను దోహా మీదుగా వెళ్ళాలి. శంషాబాదులో ఆ విమానమెక్కే జనంలో సగం మంది మా జిల్లాలవాళ్ళే అనిపించింది. కరీంనగరూ, నిజామాబాదూ, జగిత్యాల నుంచి గల్ఫుకు పోయే దారి మాకు చుట్టాల ఇంటికి పోయే దారి లాంటిది. నా పక్క సీటులో పాతికేళ్ళ కుర్రవాడు, కోరుట్ల వైపువాడే. దోహాలో 2022 ఫుట్‌బాల్ పోటీల కోసం కడుతున్న కట్టడాలలో ఇనుప చువ్వలు కట్టే పని. మొదటిసారి కాదు, సెలవు మీద వచ్చి తిరిగి వెళుతున్నాడు. నా ఒళ్ళోని గొంగడి చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"సార్, గిది మా తాత కాడ ఉండె."

కురుమలే. మంద ఉండేది. వాళ్ళ కాక దాన్ని అమ్మి సౌదీ వీసాకు కట్టాడట. ఆఫీసులో పని అని చెప్పి తీసుకుపోయినవాడు ఎడారిలో దింపిపోయాడు. "ఏం పని చేసిండనుకున్నవ్ సార్? గొర్లు కాసిండు! ఈడ గొర్లమ్ముకొని పొయ్యి ఆడ గొర్లు కాసిండు. ఆరొందల గొర్లు, ఒక్కడు, నీళ్ళ ట్యాంకు. మూడేండ్లు."

నా వృత్తి ఊరుకోనివ్వదు. "వాటికి ఉన్ని ఉండేదా?" అని అడిగాను.

"ఉండెనట. కోసి పారేసేటోళ్ళట."

విమానంలో చల్లగాలి ఎక్కువై వణుకుతుంటే గొంగడి ఇచ్చాను. దోహా దాకా ముసుగుతన్ని పడుకున్నాడు. దిగేముందు దాన్ని మడిచి ఇచ్చాడు. ఆ మడత నాకు తెలుసు, కర్రకు తగిలించి భుజాన వేసుకోవడానికి కాపరులు మడిచే మడత. చువ్వలు కట్టే చేతులు అది మరచిపోలేదు.

ఇక హెల్సింకీ. మధ్యాహ్నం మూడున్నరకే పొద్దుగుంకింది. తెల్లారేది తొమ్మిది దాటాక. నేను దిగిననాడు మైనస్ పద్నాలుగు. ముక్కులోని తడి గడ్డకట్టి కరకరమంటుందని ఏ సలహాదారూ చెప్పలేదు నాకు. సముద్రం గట్టున అలల బదులు మంచు పలకలు. జారిపడకుండా కాలిబాటల మీద సన్నని కంకర పోస్తారు. ట్రాములు మాత్రం మన గోడ గడియారంలా ఠంచనుగా నడుస్తాయి. బయట ఇంత చలా, లోపలికి అడుగు పెడితే రెండు మూడు పొరల అద్దాల కిటికీల వెనుక వెచ్చగా ఉంటుంది. కోటు విప్పి గుమ్మం దగ్గరే ఒప్పగించాలి, నంబరు బిళ్ళ ఇస్తారు. ఓవర్‌కోటు మీద కొప్పెర వేసుకుని నడచివెళ్ళిన నా గొంగడికి కూడా ఒక బిళ్ళ ఇచ్చారు. దారిలో ఎవరూ తల తిప్పి చూడలేదు. కోరుట్ల బస్టాండులో అదే వేషంతో దిగి ఉంటే పదిమంది పరామర్శించేవారు!

వాళ్ళ భాష మీద ఒక ముక్క చెప్పాలి. మన 'ఇల్లు' ఇళ్ళలో అయినట్టే వాళ్ళ 'తాలో' తాలోఇస్సా అవుతుంది. ప్రత్యయాలు వెనుక తగిలించుకుంటూ పోవడమే. కాల్డ్వెల్ దొర 1856 నాటి వ్యాకరణంలో ద్రావిడ భాషలకూ ఆ వైపు భాషలకూ చుట్టరికం కలపబోయాడు. పండితులు దాన్ని ఒప్పుకోలేదు. కాని చలిలో పరాయి ఊళ్ళో ఆ మాట గుర్తొస్తే కొంత ధైర్యంగా ఉంటుంది లెండి. అన్నట్టు, ఉన్నిని వాళ్ళు 'విల్లా' అంటారు. హైదరాబాదు శివార్లలో ఆ మాటకు పలికే ధర ఉన్నికి పలికితే మా కురుమలు కోటీశ్వరులై పోదురు.

నా పావుగంటలో పది నిమిషాలు బొమ్మలు చూపి మాట్లాడాను. మిగిలిన అయిదు నిమిషాలకు గొంగడి బల్లమీద పరిచాను. అంతే, వెనుక వరుసలవాళ్ళు కూడా లేచి వచ్చి దాని చుట్టూ మూగారు. ఒకరు లాగి చూస్తారు, ఒకరు దీపానికి పట్టి చూస్తారు. వాళ్ళ దేశపు గొర్రె పెద్ద సంతానవతి. ఈతకు మూడూ నాలుగూ పిల్లలు వేస్తుంది. మన మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో కూడా సుందరవనాల గరోల్ గొర్రె లక్షణాన్ని దక్కనీలోకి తెచ్చి కవలలు పుట్టించారని నేను చెపితే శ్రద్ధగా రాసుకున్నారు. నన్నడిగితే అదే మంచి దారి. కాపరికి పిల్లల లెక్కా గిట్టాలి, ఒంటిమీద నల్ల ఉన్నీ నిలవాలి.

మూగినవాళ్ళలో ఒకావిడ, అరవై దాటి ఉంటాయి, గొంగడిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. సొంతంగా గొర్రెలు పెంచి, ఉన్ని వడికి నేసుకునే మనిషి. చింతగింజల గంజి సంగతి చెప్పడానికి చింతచెట్టు నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఆవిడ దగ్గర ఉన్నది కైనూ అనే బూడిదరంగు గొర్రెజాతి. ఒకప్పుడు అంతరించబోతే, పెల్సో అనే చోట జైలు పొలంలో పెట్టి కాపాడారట. ఖైదీలే సాకారు. గొర్రెను బతికించడానికి జైల్లో పెట్టిన దేశం అది ఒక్కటేనేమో!

"మీరు అదృష్టవంతులు, ఉన్నికి విలువ తెలిసిన దేశం" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. తనలాంటివాళ్ళు కొద్దిమందే, మాంసానికి పెంచేవాళ్ళు కత్తిరింపు కూలి కూడా గిట్టక ఉన్నిని పారేస్తారన్నది. యూరపులో చాలాచోట్ల ఇంతేనట. దోహా విమానంలో కుర్రవాడు చెప్పిన మాట ఇక్కడ మళ్ళీ వినబడింది.

గొంగడి తనకు ఇమ్మన్నది. నేనిచ్చిన వెల చెప్పాను. వడకడానికీ నేయడానికీ ఎన్నాళ్ళు పట్టిందని అడిగింది. ఇద్దరూ కలిసి పదిహేను రోజుల పైన అన్నాను. కాగితం మీద ఏదో లెక్కవేసి, చాలాసేపు దానికేసి చూసి, చివరకు రెండువందల యూరోలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. తన నేతకు తాను తీసుకునేదీ అంతేనట.

రాగానే కోరుట్ల వెళ్ళి పదహారు వేలూ ముసలాయన ముందు పెట్టాను. రెండుసార్లు ఎంచాడు. భార్య చేతికిచ్చాడు.

"రెండు గొర్లొస్తయి" అన్నదావిడ.

"వస్తయి. నల్లయి దొరకాలె గదా" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఆళ్ళ గొర్లు ఎట్లుంటయి సారూ?" అని అడిగాడు.

ఈతకు మూడు, ఒక్కోసారి నాలుగు పిల్లలు వేస్తాయని చెప్పాను. కుంచె పక్కన పెట్టాడు. నమ్మలేదని ముఖమే చెప్పింది.

"నాలుగా? గొర్రెకు రొండే సన్నులాయె. కడమ రొండిటికి పాలెవలిస్తరు సారూ, నువ్వా?"